వేసవి సెలవులు – మన పిల్లలు – మన బాధ్యత

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన అంశము ‘వేసవి సెలవుల సద్వినియోగము’. ఈ మాట ప్రతి ఏటా ఏదో ఒక సభలో వింటూనే ఉన్నాము. సద్వినియోగం చేసుకోండి అని చెప్పడం సులభమే. కాని సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ముంబై హైవేకు అటూ ఇటూ ఉన్న బస్తీలలో, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం ప్రాంతాల్లో మన కుటుంబాలకు ఈ సెలవులు ఎట్లా గడుస్తాయో చూడకుండా ఉపదేశం చేస్తే ప్రయోజనం లేదు. కనుక ముందు మన ఇండ్ల సంగతి మాట్లాడుకుందాము. ఆ తరువాత ఏమి చేయగలమో చెప్పుకుందాము.

2025లో మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇచ్చారు. జూన్ 12న బడులు మళ్ళీ తెరిచారు. లెక్క వేస్తే 49 రోజులు, అనగా సరిగ్గా ఏడు వారాలు. ఈ ఏడు వారాలు ఉన్నవారి ఇంట్లో ఒక తీరుగా, కార్మికుల ఇంట్లో ఒక తీరుగా గడుస్తాయి. ఉన్నవారి పిల్లలు ఈత కొలనుకు, కంప్యూటర్ క్లాసుకు, చల్లని ఊళ్ళకు పోతారు. మన పిల్లల్లో కొందరు జహీరాబాద్, నారాయణఖేడ్, బీదర్ వైపు నానీ ఇంటికి పోయి పది రోజులు ఉండి వస్తారు. అది చాలా మంచిది, పిల్లలకు నానీ ఇల్లు ఉండాలి. మిగిలిన రోజులు మాత్రం ఇక్కడనే, రేకుల ఇంట్లోనే.

అబ్బాకు ‘సి’ షిఫ్టు. రాత్రంతా మిషను దగ్గర నిలబడి పొద్దున ఇంటికి వచ్చి పడుకుంటాడు. ఉన్నది ఒకటే గది. బయట 40 డిగ్రీల ఎండ. “అబ్బా పండుకున్నడు, సప్పుడు చెయ్యకు” అని అమ్మీ పిల్లవాని చేతిలో ఫోను పెడుతుంది. పెట్టకపోతే వాడు బయటికి పోతాడు. ఆ తల్లిని తప్పు పట్టడానికి మేము ఇక్కడికి రాలేదు. నిద్ర లేని మనిషి మళ్ళీ రాత్రి మిషను ముందు నిలబడితే వేళ్ళు పోతాయి, ఆ సంగతి ఆమెకు మనకంటే బాగా తెలుసు. కనుక ఫోను చూడడం పిల్లల చెడ్డ బుద్ధి అని తీర్పు చెప్పే ముందు, ఆ గదిలో వాళ్ళకు కూర్చునే చోటు లేదన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఈ విషయం మీద అమెరికాలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. బాల్టిమోర్ నగరంలో 1982లో ఒకటవ తరగతిలో చేరిన సుమారు 800 మంది పిల్లలను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. బడి నడిచే నెలల్లో పేద పిల్లలు, ఉన్నవారి పిల్లలు దాదాపు ఒకే తీరుగా ముందుకు పోతున్నారని, సెలవుల్లోనే తేడా పెరుగుతున్నదని వారు వ్రాశారు. దానికి వారు చెప్పిన పోలిక నల్లా. బడి ఉన్నన్ని రోజులు నల్లా అందరికీ వస్తుంది. సెలవుల్లో బడి నల్లా బంద్ అవుతుంది. ఉన్నవారి ఇంట్లో సంపు ఉంటుంది, లేనివారి ఇంట్లో బిందె ఖాళీ. మంజీరా నీళ్ళ కోసం బిందెలు వరుసలో పెట్టిన మనకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. తరువాత వచ్చిన పరిశోధకులు కొందరు కొత్త పరీక్షలతో చూసి, సెలవుల్లో తేడా అంతగా పెరగడం లేదని కూడా అన్నారు. ఎంత అన్నది పండితులు తేల్చుకుంటారు. ఏడు వారాలు పుస్తకం ముట్టని పిల్లవాడు జూన్‌లో బరిలోకి దిగితే తడబడతాడు అన్నది మాత్రం మన ఇండ్లలో మనం చూస్తున్నదే.

అయితే సోదరులారా, మన ప్రాంతంలో అసలు భయం పాఠాలు మరచిపోవడం కాదు. మరచిన పాఠం మళ్ళీ వస్తుంది. బడికి తిరిగి పోని పిల్లవాడు మళ్ళీ రాడు. ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. తొమ్మిదవ తరగతి పరీక్షలు అయిపోతాయి. “ఊరికే ఉండి ఏం చేస్తడు, షెడ్డుకు పోతే నాలుగు పైసలన్నా వస్తయి, పని నేర్చుకుంటడు” అని మామూ అంటాడు. లారీ షెడ్డులోనో, వెల్డింగ్ దుకాణంలోనో, పంక్చర్ షాపులోనో పెడతారు. మొదటి వారం కూలీ తెచ్చి పిల్లవాడు అమ్మీ చేతిలో పెడతాడు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. వాడికి కూడా తాను పెద్దవాడిని అయ్యానని అనిపిస్తుంది. జూన్ 12 వస్తుంది. “ఒక వారం ఆగి పోతా” అంటాడు. ఆ వారం నెల అవుతుంది, నెల ఏడాది అవుతుంది. ఏనాడూ ఎవరూ “చదువు మానెయ్” అని వాడితో అనలేదు. అయినా వాడు మానేశాడు. మన బస్తీలలో చదువు తెగిపోయే చోటు ఇదే. కనుక సెలవుల సద్వినియోగము అంటే మన దగ్గర మొదటి అర్థం, ఏప్రిల్‌లో బడి నుంచి వచ్చిన ప్రతి పిల్లవాడు, ప్రతి ఆడపిల్ల జూన్‌లో తిరిగి బడిలో కనబడడం.

పని నేర్చుకోవడం చెడ్డదని మేము అనము. చేతిపని మన జాతికి అన్నం పెట్టింది. తండ్రి దుకాణంలో కూర్చుని లెక్క వ్రాసే పిల్లవాడు బడిలో లెక్కల్లోనూ ముందుంటాడు. కాని చట్టం ఏమి చెప్తుందో తెలిసి ఉండాలి. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్ళు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబం నడిపే పనిలో, అది ప్రమాదకరమైనది కానప్పుడు, బడి వేళ దాటిన తరువాత లేదా సెలవుల్లో సాయం చేయవచ్చును. 14 నుంచి 18 ఏళ్ళ లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు శిక్ష, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చును.

ఈ చట్టం కాగితం మీది మాట అని తీసివేయకండి. మన చుట్టూ ఉన్నవి బిస్కట్ల ఫ్యాక్టరీలు మాత్రమే కావు. మందులు, రసాయనాలు, రంగులు తయారు చేసే కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధ సంబంధమైన కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తర ప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. పెద్దవాళ్ళకే అంత ప్రమాదమున్న చోటికి, వయసు ఎక్కువ వేసి, కాంట్రాక్టరు చేతికి పదహారేళ్ళ పిల్లవాణ్ణి “రెండు నెలలే కదా” అని అప్పగించవద్దని ఈ సభా ముఖంగా ప్రతి తండ్రిని వేడుకుంటున్నాము.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. మగపిల్లవాని సెలవులు వీధిలో పోతే, ఆడపిల్ల సెలవులు ఇంటిపనిలో పోతాయి. చిన్న తమ్ముణ్ణి ఎత్తుకోవడం, నీళ్ళు పట్టడం, రొట్టెలు చేయడం. అమ్మీకి సాయం చేయడం మంచిదే. కాని అన్న ఆడుకుని వచ్చి పళ్ళెం ముందు కూర్చుంటే, చెల్లె పళ్ళెం కడుగుతూ సెలవులు గడిపితే అది సమానము కాదు. అన్న కూడా బిందె మోయవచ్చును. అట్లా మోసినందున చెల్లెకు రోజుకు ఒక గంట దొరుకుతుంది. పదవ తరగతి అయిన ఆడపిల్లకు ఈ సెలవులే మలుపు. కుట్టుపని నేర్పండి, మెహందీ నేర్పండి, కంప్యూటర్ నేర్పండి. కాని ఇంటర్ అడ్మిషన్ దరఖాస్తు వేసిన తరువాత నేర్పండి. దరఖాస్తు వేయకుండా కుట్టుమిషను ముందు కూర్చోబెడితే అక్కడే ఉండిపోతుంది. 18 ఏళ్ళు నిండక ముందు పెండ్లి చట్టవిరుద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పిల్లలతో రెండు మాటలు. పిల్లలూ, ప్రతి ఏడాది సెలవుల మొదటి రోజున మీరు పెద్ద టైం టేబుల్ వ్రాస్తారు. ఎరుపు పెన్ను, నీలం పెన్ను, స్కేలుతో గీతలు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా చదువే చదువు. నాలుగవ రోజున ఆ కాగితం ఎక్కడుందో మీకే తెలియదు. మీరు సోమరులు కనుక ఇట్లా అయింది అని మేము అనము. ఉత్సాహం మీద ఆధారపడ్డారు కనుక అయింది. ఉత్సాహం వస్తుంది, పోతుంది. దాని కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే ఏడు వారాలూ అయిపోతాయి. ఉత్సాహం లేని రోజున కూడా నడిచేది ఒక్కటే, అలవాటైన వేళ.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో ఒక వ్యాసం ప్రచురించారు. ‘చదువుతాను’ అని అనుకున్నవారి కంటే, ‘ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానా పని మొదలు పెడతాను’ అని ముందే తేల్చుకున్నవారు ఆ పని ఎక్కువగా చేస్తారని అందులో చూపించారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. 2018లో, 2019లో రంజాన్ నెల మే ఎండల్లోనే వచ్చింది. చేతిలో టైం టేబుల్ కాగితం లేదు, మాస్టరు లేడు, మార్కులు లేవు. అయినా ఇల్లిల్లూ సహరీకి లేచింది, ఇఫ్తార్ దాకా ఓపిక పట్టింది. ఎందువల్ల? వేళ నిశ్చయమై ఉన్నది, ఇంట్లో అందరూ కలిసి చేశారు. ఆ రెండూ చదువుకు కూడా పెట్టండి. ఫజర్ నమాజు అయిన తరువాత ఎండ ఎక్కక ముందు ఒక గంట. ఒకే చోటు. ఒకరు తోడు. అంతకంటే ఎక్కువ మేము అడగము. రోజుకు ఒక గంట అయితే 49 గంటలు. నానీ ఇంటికి పోయిన పది రోజులు తీసివేస్తే 39 గంటలు. అది తక్కువ కాదు.

ఆ గంటలో ఏమి చేయాలి? మూడు పనులు చెప్తాము.

మొదటిది, పైకి చదవడం. రోజుకు ఒక పేజీ, గొంతెత్తి, ఇంకొకరు వినేటట్లు. మన పిల్లల్లో ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. ఉర్దూ మీడియం పిల్లలు తెలుగు గడగడ మాట్లాడుతారు, కాని తెలుగు పత్రిక చేతిలో పెడితే కూడబలుక్కుంటారు. తెలుగు, ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఉర్దూ అక్షరాలు రావు, దాదీ వ్రాసిన ఉత్తరం చదవలేరు. 2018లో చట్టం చేసి మన రాష్ట్ర బడులలో తెలుగును తప్పనిసరి చేశారు. కనుక లేని అక్షరం ఏదో దానిని ఈ సెలవుల్లో పట్టుకోండి. దుకాణం బోర్డు, బస్సు బోర్డు, పాత పత్రిక, అన్నీ పాఠ్యపుస్తకాలే. సంగారెడ్డిలో జిల్లా గ్రంథాలయం ఉన్నది. అక్కడ ఫ్యాను కింద కూర్చుని చదువుకోవడానికి ఎవరూ పైసలు అడగరు.

రెండవది, ఇంటి లెక్క. ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలు శాతాలు నేర్చుకున్నారు కదా. అబ్బా జీతం చిట్టీ తీసుకుని కూర్చోండి. మూల వేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలు అనుకుందాం. ప్రావిడెంట్ ఫండ్ 12 శాతం, అంటే 1,800 రూపాయలు కోస్తారు. ఈఎస్ఐ కింద కార్మికుని వాటా ముప్పావు శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు. ఈఎస్ఐకి యజమాని కట్టవలసిన వాటా మూడుంబావు శాతం, అంటే 487 రూపాయల 50 పైసలు. ఆ కోసిన పైసలు ఖాతాలో పడుతున్నాయా లేదా అని పీఎఫ్ పాస్‌బుక్ ఫోనులో తెరిచి అబ్బాకు చూపించండి. మీ లెక్కలు సాధన అవుతాయి, ఇంటికి ఉపకారమూ అవుతుంది. ఎన్నో ఏండ్లు నౌకరీ చేసి తన పీఎఫ్ ఎంతో తెలియని తండ్రులు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు.

మూడవది, ముందటి తరగతి పుస్తకం. కొత్తది కొననక్కరలేదు, పై తరగతి పిల్లల పాతది అడగండి. మొదటి రెండు పాఠాలు మాత్రం చదవండి. జూన్‌లో మాస్టరు మొదటి పాఠం మొదలు పెట్టినప్పుడు మీకు తెలిసినదే వస్తుంది. తెలిసిన క్లాసుకు పోవాలనే పిల్లలకు ఉంటుంది, తెలియని క్లాసుకు పోవాలంటేనే కడుపునొప్పి వస్తుంది. పుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే పాఠం దొరుకుతుంది. ఫోను అట్లా కూడా పనికి వస్తుంది. మిగతా ఆ గంటలో ఫోను అమ్మీ దగ్గర ఉండాలి.

పరీక్ష తప్పిన పిల్లల గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే సెలవుల్లో అందరికంటే ఎక్కువగా నష్టపోయేది వాళ్ళే. 2025లో పదవ తరగతి ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. సప్లిమెంటరీ పరీక్షలు జూన్ 3న మొదలయ్యాయి. మధ్యలో నెల రోజుల పైచిలుకు ఉన్నది. ఒకటి రెండు సబ్జెక్టులకు అది చాలు, ఏడాది పోదు. కాని ఫీజు కట్టే గడువు తక్కువ. ఆ కొద్ది రోజులూ ఇంట్లో తిట్లు, ఏడ్పులు, “నీ మొఖానికి చదువొకటా” అన్న మాటలతోనే గడిచిపోతాయి. పిల్లవాడు ముఖం దాచుకుని షెడ్డుకు పోతాడు. తండ్రులారా, కోపం ఎంతైనా రానీయండి, ముందు ఫీజు కట్టండి. గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు. ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదవ తరగతి, ఇంటర్ చదువుకునే వీలు ఉన్నది. పనిలో చేరిపోయిన పిల్లలకు కూడా అది పనికి వస్తుంది.

ఇక సంఘం చేయవలసినది. ఇంట్లో చోటు లేదని మొదట్లోనే అన్నాము. చోటు మనం చూపించాలి. సంఘం హాలు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటుంది. ఈ వేసవిలో ప్రతి దినము పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా తెరవాలని మా ప్రతిపాదన. రెండు చాపలు, చల్లని నీళ్ళ కుండ, పాత పుస్తకాలు, ఒక పెద్ద మనిషి. ఇంతకు మించి ఖర్చు లేదు. చెప్పేవారు ఎవరంటే, మన ఇంటర్, డిగ్రీ పిల్లలే. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఈనాడు రాష్ట్రంలో రెండు వందలు దాటాయి. వాటిలో చదివే మన పిల్లలు సెలవులకు ఇంటికి వస్తారు. ఒక్కొక్కరు ఐదుగురు చిన్నపిల్లలను పట్టుకుంటే చాలు.

ఇట్లాంటిది పని చేస్తుందా అని కొందరు సభ్యులు అడిగారు. 2008 జూన్‌లో బీహార్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉపాధ్యాయులే నెల రోజుల వేసవి శిబిరాలు నడిపారు. ‘ప్రథమ్’ సంస్థ వారికి తర్ఫీదు ఇచ్చింది. తరగతి సిలబస్ పక్కన పెట్టి, చదవడం రానివారికి చదవడం, లెక్క రానివారికి లెక్క నేర్పారు. వెళ్ళిన పిల్లల చదువులో స్పష్టమైన మెరుగుదల కనిపించిందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలైన ఆర్థికవేత్తలు వ్రాశారు. 2019లో నోబెల్ బహుమానం పొందినవారే వారిద్దరూ. ఒక నెల చాలు అన్నమాట. మనకు ఉన్నది ఏడు వారాలు. మన బస్తీలో బీహార్, ఒడిశా కార్మికుల పిల్లలు కూడా ఉన్నారు. హాలు తలుపు వారికి కూడా తెరిచే ఉండాలి. పక్కింటి హిందూ సోదరుల పిల్లలు వస్తే ఇంకా సంతోషం.

రెండవ ప్రతిపాదన ఒక రిజిస్టరు. బస్తీకి ఇద్దరు సభ్యులు ఏప్రిల్ నెలాఖరులో ఇల్లిల్లూ తిరిగి, ఐదవ తరగతి పైన ఉన్న పిల్లల పేరు, తరగతి, బడి వ్రాసుకోవాలి. జూన్ మూడవ వారంలో అదే రిజిస్టరు పట్టుకుని మళ్ళీ తిరగాలి. ఎవరి పేరు ఎదుట ‘బడికి పోలేదు’ అని పడుతుందో ఆ ఇంట్లో చాయ్ తాగి కూర్చుని మాట్లాడాలి. నోటు పుస్తకాలకు పైసలు లేకనా, ఫీజు బాకీ ఉండా, టీసీ ఆగిందా, షెడ్డు యజమాని అడ్వాన్సు ఇచ్చాడా, కారణం తెలుసుకోవాలి. అడ్వాన్సు బాకీ అయితే సంఘం నిధి నుంచి తీర్చవచ్చును. జూన్‌లో పోతే వెయ్యి రెండు వేలతో పోయే పని, డిసెంబరులో పోతే లక్ష ఇచ్చినా కాదు.

ఇక ఆట సంగతి. ఆడనీయండి. సాయంత్రం క్రికెట్ ఆడిన పిల్లవాడే పొద్దున కుదురుగా కూర్చుంటాడు. మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు. ఈత నేర్పండి, కాని పెద్దవారి తోడు లేకుండా చెరువుకు, క్వారీ గుంతలకు, మంజీరా మడుగులకు పంపకండి. వేసవిలో అట్లా పోయి తిరిగి రాని పిల్లల వార్తలు ఏటా చదువుతున్నాము. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసిన వాగుల్లో కాలు కూడా పెట్టనీయవద్దు.

సోదర సోదరీమణులారా, మేము కోరినవి పెద్ద కోరికలు కావు. పిల్లలకు ఒక గంట, తల్లిదండ్రులకు ఒక మాట, సంఘానికి ఒక తాళంచెవి, ఒక రిజిస్టరు. వచ్చే వార్షిక సభలో విద్యా ఉపసంఘం నివేదికలో ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చామో చదవము. ఏప్రిల్‌లో ఎందరి పేర్లు వ్రాసుకున్నాము, జూన్‌లో అందులో ఎందరు బడిలో ఉన్నారు, ఈ రెండు అంకెలే చదువుతాము. ఆ రెండు అంకెలు ఒకటే కావాలని అల్లాహ్‌ను వేడుకుంటూ, మీరందరూ పేర్లు వ్రాయించడానికి తలుపు తీస్తారని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్.